ఇద్దరం రివర్స్‌లో ఉన్నాం, నేను ఆగాను, ఆయన ఆగలేదు. సగం సగం అంటున్నారు, ఒప్పుకోవాలా?

వెన్నెల_దారి

అందరికీ నమస్కారం. పార్కింగ్‌లో జరిగిన ఒక చిన్న ప్రమాదం గురించి మీ సలహా కావాలి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మూడు రోజులుగా అదే టెన్షన్, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కారు ముందువైపు గోడకి పెట్టి ఆపాను. బయటికి రావాలంటే వెనక్కి తీయాలి. రెండు అద్దాలూ చూసుకున్నాను, తల తిప్పి వెనక కూడా చూశాను, దారి ఖాళీగా ఉంది. నెమ్మదిగా వెనక్కి వచ్చాను. కారు సగానికి పైగా దారిలోకి వచ్చాక ఎదురు వరసలో ఒక పెద్ద కారుకి రివర్స్ లైట్లు వెలిగాయి. వెంటనే బ్రేక్ తొక్కాను, హారన్ కొట్టాను. ఆ కారు ఆగలేదు. మళ్ళీ ముందుకు పోదామని గేరు మార్చేలోపే వచ్చి నా వెనక బంపర్ ఎడమ మూలకి తగిలింది.

ఆయన దిగగానే "అయ్యో, చూసుకోలేదండి" అన్నారు. తర్వాత ఎవరితోనో ఫోన్ మాట్లాడి వచ్చి, "ఇద్దరం వెనక్కే వస్తున్నాం కదా, ఎవరిది వాళ్ళం బాగు చేయించుకుందాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. పేర్లు, పాలసీ వివరాలు ఇచ్చిపుచ్చుకున్నాం. మా బీమా కంపెనీకి ఫోన్ చేస్తే, రెండు కార్లూ రివర్స్‌లో ఉంటే మామూలుగా తప్పు సగం సగం వేస్తామన్నారు. నేను ఆగి ఉన్నానండీ అంటే, ఆధారం ఉందా అని అడిగారు. నా డ్యాష్ కెమెరా ముందువైపు మాత్రమే చూస్తుంది. నాలుగు ఫోటోలు ఉన్నాయి, అంతే.

ఆగి ఉన్న కారుకి తప్పులో సగం వాటా ఎలా వస్తుంది?

గేరుబాక్స్

మీకు నచ్చకపోయినా చెప్తాను. వెనక్కి తీసేవాళ్ళదే బాధ్యత, ఇది ఎక్కడైనా మొదటి సూత్రం. మీరూ వెనక్కి తీస్తున్నారు, ఆయనా తీస్తున్నారు. చివరి క్షణంలో బ్రేక్ తొక్కినంత మాత్రాన అప్పటిదాకా చేసిన పని మారిపోదు. నాకూ ఇలాగే జరిగింది, సగం సగం ఒప్పుకుని వదిలేశాను. దీని కోసం నెలలు తిరగడం దండగ.

నిదానం

గేరుబాక్స్ గారూ, మీరు చెప్పిన సూత్రం సగమే నిజం. వెనక్కి తీసేవాళ్ళకి జాగ్రత్త ఎక్కువ ఉండాలి అన్నంత వరకు సరే. కానీ జాగ్రత్త అంటే ఏమిటి? చూసుకుంటూ రావడం, ఎవరైనా కనిపిస్తే ఆగడం. ఆవిడ ఆ రెండూ చేశారు. చేయాల్సింది చేసిన మనిషినీ చేయని మనిషినీ ఒకే గాటన కట్టేస్తే ఇక ఆగడం ఎందుకు?

వెన్నెల గారూ, ఒక్క మాట ఇప్పుడే చెప్తున్నాను. అక్కడ కెమెరాలు ఉన్నాయా? ఉంటే ఈ పోస్టు చదవడం ఆపి ఆ పార్కింగ్ నడిపేవాళ్ళకి మెయిల్ పెట్టండి. ఫుటేజీ ఎన్నాళ్ళో ఉండదు, పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. కొన్ని చోట్ల కొద్ది రోజులే. మీ చేతికి ఇవ్వమని పట్టుపట్టక్కర్లేదు. తేదీ, గంట, ఏ వరస అన్నవి రాసి "చెరపకుండా ఉంచండి, మా బీమా కంపెనీ అడుగుతుంది" అనండి. మనుషులకి నేరుగా ఇవ్వని చోట కూడా కంపెనీకో పోలీసులకో ఇస్తారు.

వెన్నెల_దారి

స్తంభం మీద ఒక కెమెరా ఉన్నట్టు గుర్తు. ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఈ మాట నాకు తట్టలేదు, చాలా థాంక్స్ నిదానం గారూ.

పాత_సర్వేయర్

ఇరవై ఏళ్ళకి పైగా దెబ్బతిన్న కార్లు చూసి రిపోర్టులు రాసినవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. అమ్మా, నువ్వు రాసింది చదివాక కొంచెం పొడుగ్గా చెప్పాలనిపించింది.

పార్కింగ్ కేసుల్లో "ఎవరు రివర్స్‌లో ఉన్నారు" అనేది మొదటి ప్రశ్న. నిజానికి కేసు తేల్చేవి దాని తర్వాత వచ్చే మూడు ప్రశ్నలు. తగిలిన క్షణంలో ఎవరు కదులుతున్నారు? ఎవరు ముందుగా దారిలోకి వచ్చి కనిపించే స్థితిలో ఉన్నారు? రెండోవాళ్ళకి చూసి ఆగే సమయం ఉందా? మూడింటికీ జవాబు ఉంటే సగం సగం అనే మాట నిలబడదు. జవాబు లేనప్పుడే కంపెనీలు సగం సగం అంటాయి. ఇద్దరూ సమానంగా తప్పు చేశారని తేలితే వేసే లెక్క కాదది. తేల్చడానికి ఏమీ లేనప్పుడు వేసే లెక్క. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకో.

ఇక దెబ్బ సంగతి. ఫోటోల్లో సొట్ట కంటే గీతల్ని ముందు చూడాలి. ఒక కారు ఆగి, ఇంకొకటి వచ్చి తగిలితే ఆగిన కారు మీద గుర్తు ఒకేచోట లోపలికి నొక్కినట్టు ఉంటుంది, అడ్డంగా సాగదు, లేదా కొట్టిన కారు మలుపు ఎటు ఉంటే అటు మాత్రమే సాగుతుంది. రెండూ కదులుతూ వంకరగా రాసుకుంటే గీత పొడుగ్గా ఉంటుంది. గీత ఎటు మొదలై ఎటు ముగిసిందో కూడా తెలుస్తుంది. గీసుకుపోయిన పెయింటు చివరన పోగవుతుంది, వేలితో తడిమితే అంచు తగులుతుంది.

కానీ నిజాయితీగా చెప్పాలి. రెండు బంపర్లు నేరుగా ఎదురెదురుగా తగిలితే దెబ్బ చూసి ఎవరు ఆగారో చెప్పడం చాలా కష్టం. బ్రేక్ మీద ఉన్న కారు కాస్త కుంగుతుంది కాబట్టి ఎత్తు తేడా చూడవచ్చని కొందరంటారు. ఆ వేగంలో ఆ తేడా చాలా తక్కువ, దాన్ని నమ్ముకుని వాదించకు. నీ కేసులో మూల తగిలింది అంటున్నావు కాబట్టి కొంత ఆశ ఉంది. ఫోటోలు దగ్గర నుంచి, పక్క నుంచి వెలుతురు పడేలా మళ్ళీ తీయి. అన్నిటికంటే ముందు, బాగు చేయించకు. బంపర్ మారిస్తే సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది.

ఇంకొకటి. ప్లాస్టిక్ బంపర్ నొక్కుకుని తిరిగి పైకి వచ్చేస్తుంది. పైకి చిన్న గీతే కనిపించినా లోపల అడ్డ కడ్డీ వంగి ఉండవచ్చు, సెన్సర్ పక్కకి తిరిగి ఉండవచ్చు. సర్వేయర్ వచ్చినప్పుడు బంపర్ విప్పి చూడమను.

మంచుదేశం

పెద్దాయన చెప్పింది చదువుతుంటే కెనడాలోని మా ఒంటారియో రాష్ట్రం గుర్తొచ్చింది. ఇక్కడ దీనికి పద్ధతే వేరు. 1990 నాటి 668వ నంబరు రెగ్యులేషన్ ఒకటి ఉంది. ప్రమాదాల్ని రకాలుగా విడదీసి ఏ రకానికి ఎవరిది ఎంత శాతం తప్పో అందులోనే రాసేశారు. వెనక్కి తీస్తుండగా జరిగితే తీసేవాళ్ళది 100 శాతం. పార్క్ చేసి ఉన్న కారుని కొడితే కొట్టినవాళ్ళది 100 శాతం. కారు తలుపు తీసినప్పుడు తగిలితే తీసినవాళ్ళ కారుది 100 శాతం. పార్కింగ్‌లోని దారుల్ని కూడా వదల్లేదు, లోపలికీ బయటికీ పోయే ప్రధాన దారి ఒకటి, వరసల మధ్య చిన్న దారులు ఇంకొకటి అని విడదీశారు.

ఒక సూత్రం ప్రకారం మీది 100 శాతం, ఇంకో సూత్రం ప్రకారం మీ తప్పే లేదు అని వస్తే అప్పుడు 50 అని కూడా అందులోనే ఉంది. ఇద్దరూ రివర్స్‌లో ఉన్నప్పుడు సగం సగం రావడం ఇక్కడ అలా కుదురుతుంది.

సర్వేయర్ గారికి ఆశ్చర్యంగా ఉంటుందేమో, కారు మీద ఎక్కడ తగిలిందన్నది ఈ సూత్రాల్లో లెక్కలోకి రాదు. వాతావరణం, వెలుతురు కూడా రావు. అలా అని రాసే ఉంది. అందుకే ఇక్కడ గొడవంతా ఒకే మాట మీద నడుస్తుంది: ఆ క్షణంలో మీరు "వెనక్కి తీస్తున్నారా" లేక "ఆగి ఉన్నారా".

పాత_సర్వేయర్

ఆశ్చర్యమే బాబూ. తొందరగా తేలిపోవాలని పెట్టుకున్న పద్ధతి అయి ఉంటుంది, ఆ అవసరం అర్థమవుతుంది. కానీ కారు మీద ఉన్న గుర్తుని చూడకుండా తీర్పు చెప్పడం నా మనసుకి ఎక్కదు.

న్యాయపక్షం

చట్టం వైపు నుంచి కొంచెం. వెనక్కి తీసేవాళ్ళకి అదనపు జాగ్రత్త ఉండాలన్నది చాలా దేశాల రోడ్డు నియమాల్లో ఉంది. బ్రిటన్ హైవే కోడ్‌లో 202వ నియమం చూడండి: అద్దాలన్నీ చూడాలి, కనపడని మూలలు చూడాలి, మనుషులున్నారేమో చూసుకోవాలి, నెమ్మదిగా తీయాలి. 203వది అవసరానికి మించి వెనక్కి తీయకూడదంటుంది. ఇవన్నీ చేయాల్సిన పనుల గురించి. "వెనక్కి తీశావు కాబట్టి ఏం జరిగినా తప్పు నీదే" అని అందులో లేదు.

తప్పుని పంచడానికి ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు నష్టపోయినవాళ్ళ వైపు కొంచెం తప్పున్నా పరిహారం మొత్తం పోయేది. 1842లో ఒక గాడిద కేసు వచ్చింది. యజమాని దాని ముందుకాళ్ళకి బంధం వేసి రోడ్డు మీద మేతకి వదిలాడు, అది తప్పే. ఇంకొకడి బండి వేగంగా వచ్చి దాన్ని గుద్దింది. ప్రమాదం తప్పించే చివరి అవకాశం బండివాడి చేతిలో ఉంది, గాడిద కదలలేదు కదా, కాబట్టి బండివాడిదే బాధ్యత అని కోర్టు చెప్పింది. డేవీస్, మాన్ కేసు అంటారు దాన్ని. తర్వాత 1945లో అక్కడ చట్టం మార్చి, ఎవరి తప్పు ఎంతో చూసి ఆ మేరకి తగ్గించే పద్ధతి పెట్టారు. ఇప్పుడు చాలా చోట్ల ఇదే నడుస్తోంది. అమెరికాలో వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరోలినా, అలబామా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం ఇప్పటికీ పాత కఠినమైన దారిలోనే ఉన్నాయి. అలాంటి చోట 10 శాతం తప్పు ఒప్పుకోవడం కూడా ప్రమాదకరమే.

వెన్నెల గారి విషయంలో నేను పట్టుకునేది ఆ చివరి అవకాశం అన్న మాటనే. ఆవిడ ఆగాక ప్రమాదం తప్పించగలిగింది ఎవరు?

కొత్త_లైసెన్సు

నాదొక చిన్న సందేహం, పక్కదారి పట్టిస్తే క్షమించండి. పార్కింగ్ అంటే ప్రైవేటు స్థలం కదా, అక్కడ రోడ్డు రూల్స్ గానీ బీమా గానీ వర్తించవని మా బాబాయ్ అంటారు. ఇంకోటి, నేను దారిలో నేరుగా వెళ్తుంటే పక్క నుంచి ఎవరైనా వెనక్కి వచ్చి కొడితే నాకేం తప్పు రాదు కదా?

న్యాయపక్షం

బాబాయ్ గారు చెప్పింది చాలామంది నమ్మే మాటే, కానీ సరికాదు. జాగ్రత్తగా నడపాల్సిన బాధ్యత గేటు దగ్గర ఆగిపోదు. స్థలం ఎవరిదైనా అజాగ్రత్త వల్ల నష్టం చేస్తే కట్టాల్సిందే. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం "పబ్లిక్ ప్లేస్" అన్నదానికి ఇచ్చిన అర్థం చూడండి. జనానికి ప్రవేశ హక్కు ఉన్న ఏ చోటైనా అందులోకి వస్తుంది, అది రోడ్డే కానక్కర్లేదు. తేడా ఎక్కడ వస్తుందంటే, కొన్ని చోట్ల పోలీసులు ప్రైవేటు స్థలంలోని చిన్న ప్రమాదానికి రిపోర్టు రాయరు. అప్పుడు సాక్ష్యం సేకరించే పని మన మీదే పడుతుంది.

పాత_సర్వేయర్

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. దారిలో వెళ్తున్నవాళ్ళకి మొగ్గు ఉంటుంది, కానీ నీకేం తప్పు రాదు అనుకుని నడపకు. పార్కింగ్ అంటే ఏ క్షణమైనా ఎవరైనా బయటికి వచ్చే చోటు. బాణం గుర్తుకి ఎదురుగా వెళ్ళినా, గీతలు పట్టించుకోకుండా ఖాళీ స్థలాల మీదుగా అడ్డంగా కోసుకుపోయినా, వేగంగా వెళ్ళినా వాటా వస్తుంది. లెక్క చూడు. గంటకి 5 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 1.4 మీటర్లు కదులుతుంది. 20లో అయితే 5.5 మీటర్లకి పైనే. కాలు బ్రేక్ మీదికి చేరడానికే సెకను, సెకనున్నర పడుతుంది. అంటే 20లో వెళ్ళేవాడు బ్రేక్ తొక్కేలోపే ఒక కారు పొడవు దాటేస్తాడు. వెనక్కి వచ్చే మనిషి చూసినప్పుడు దారి నిజంగానే ఖాళీగా ఉండి ఉంటుంది.

ఇందులో దెబ్బ ఎక్కడ ఉందో చాలా చెప్తుంది. వెనక్కి వచ్చే కారు బంపర్ నీ తలుపు మధ్యలో తగిలితే నువ్వు అప్పటికే దాని వెనక దాటుతున్నావని అర్థం, అతను చూడలేదని అర్థం. అదే నీ ముందు బంపర్ వెళ్ళి అతని వెనక చక్రం దగ్గర తగిలితే, అతను బాగా బయటికి వచ్చేసి ఉన్నాడు, నీకు కనిపించి ఉండాలి అని అడుగుతారు.

ఇంకోవైపు

నేను సాధారణంగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను. ఈ ఒక్కదానికి రాయాలనిపించింది, ఎందుకంటే రెండేళ్ళ కిందట నేను ఆ రెండో కారులో ఉన్నాను.

వెన్నెల గారూ, మీకు తగిలిన ఆయన అబద్ధం చెప్తున్నాడనుకుని కోపం తెచ్చుకోకండి. నాకు జరిగినప్పుడు అవతలి కారు కదులుతోందని ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి. నిజంగా అలాగే కనిపించింది. వెనక కెమెరా స్క్రీన్‌లో ఆ కారు క్షణక్షణానికీ పెద్దదవుతోంది, నా వైపే వస్తోంది. వారం తర్వాత ఫుటేజీ చూపిస్తే ఆ కారు బొమ్మలా నిలబడి ఉంది. వస్తున్నది నేనే. స్క్రీన్‌లో చూసేటప్పుడు మన కదలిక మనకి తెలియదు, అవతలిది దగ్గరవుతున్నట్టే ఉంటుంది. ఆ వీడియో చూశాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అప్పటికే నేను కంపెనీకి "ఇద్దరం కదులుతున్నాం" అని రాసి సంతకం పెట్టేశాను. ఆ తర్వాత ఆ అవతలి కుటుంబానికి ఫోన్ చేసి నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను, కంపెనీకీ రాసిచ్చాను.

ఇంకో మాట. ఆ స్క్రీన్ చూపిస్తుందే తప్ప చాలా కార్లలో రికార్డు చేయదు. నా కార్లో ఉంటుందనుకుని గ్యారేజీ వాళ్ళని అడిగి తెలుసుకున్నాను.

నిదానం

ఇంకోవైపు గారూ, ఇది రాయడానికి ధైర్యం కావాలి. మీరు చెప్పిన ఆ స్క్రీన్ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు, భారత్‌లో 2019 జూలై నుంచి కొత్త కార్లకి రివర్స్ సెన్సర్లు ఉండాలన్నారు. మంచి పనులే, వెనకున్న పిల్లల్ని కాపాడతాయి. కానీ పక్క నుంచి, ఎదురు వరస నుంచి వచ్చేదాన్ని చూడటానికి మెడ తిప్పక తప్పదు.

గేరుబాక్స్

ఒప్పుకుంటున్నాను, ఇది చదివాక నా పాత కేసు మళ్ళీ గుర్తు చేసుకున్నాను. నేనూ అప్పుడు ఆగే ఉన్నానేమో, అడగడానికి కూడా ప్రయత్నించలేదు. సరే, ఒక ప్రశ్న. కార్లలో బ్లాక్ బాక్స్ లాంటిది ఉంటుంది కదా, అందులో బ్రేక్ తొక్కింది ఉండదా?

పాత_సర్వేయర్

ఉంటుంది కానీ ఇంత చిన్న దెబ్బకి అది మేలుకోదు. అమెరికా నిబంధనల్లో ఆ రికార్డరు మొదలవ్వాలంటే సెకనులో దాదాపు ఏడో వంతు లోపల వేగంలో గంటకి 8 కిలోమీటర్ల మార్పు రావాలి, లేదా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలి. పార్కింగ్‌లో మూల తగిలితే అంత మార్పు అరుదు.

కొత్త_లైసెన్సు

నాకు డబ్బు లెక్క అర్థం కాలేదు. సగం సగం అయితే నష్టమేంటి? సగం వాళ్ళు ఇస్తారు, సగం మన కంపెనీ ఇస్తుంది కదా.

న్యాయపక్షం

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మీ దగ్గర థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అది అవతలివాళ్ళ నష్టానికే, మీ కారుకి కాదు. అప్పుడు సగం సగం అంటే మీ నష్టంలో సగం మీ జేబులోంచే. మీ సొంత నష్టానికి కూడా పాలసీ ఉందనుకోండి. మీ నష్టం 100 పాళ్ళు, మీరు ముందుగా భరించాల్సిన ఎక్సెస్ 20 పాళ్ళు. మీ కంపెనీ 80 ఇస్తుంది. తర్వాత అవతలి కంపెనీ నుంచి వసూలు చేసుకుంటుంది. పూర్తి తప్పు వాళ్ళదైతే మీ 20 కూడా తిరిగి అడగవచ్చు. సగమే అయితే చాలా చోట్ల అందులో 10 మాత్రమే దక్కుతుంది.

దానికంటే పెద్దది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. చాలా కంపెనీల పుస్తకాల్లో సగం తప్పు కూడా తప్పు క్లెయిమే. వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది, బోనస్ తగ్గుతుంది. కొన్ని చోట్ల కంపెనీల మధ్య "ఎవరి కారు నష్టం వాళ్ళే భరిద్దాం" అనే ఒప్పందాలుంటాయి, నాక్ ఫర్ నాక్ అంటారు. అలాంటప్పుడు తప్పెవరిదో తేల్చాలన్న తొందర మీ కంపెనీకి ఉండదు. అడగాల్సింది మీరే.

ఇంకొక జాగ్రత్త. ప్రమాదం జరిగిన చోట "తప్పు నాదే, నేను కడతాను" అని రాసివ్వకండి. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది. అవతలి మనిషికి దెబ్బ తగిలిందేమో కనుక్కోవడం, అయ్యో అనడం వేరు. అది మానవత్వం, దానికి భయపడక్కర్లేదు.

వెన్నెల_దారి

అప్‌డేట్ ఇస్తున్నాను. ఫుటేజీ ఉంది! చెరిపేయడానికి ఇంకా నాలుగు రోజులే ఉందట. నాకు ఇవ్వలేదు, మా కంపెనీకి పంపారు. వాళ్ళ ఆఫీసులో కూర్చుని చూశాను.

కెమెరా దూరంగా ఉంది, స్తంభం అడ్డం వచ్చి నా కారు ముందు సగం కనబడదు. వెనక భాగం, బ్రేక్ లైట్లు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. శబ్దం లేదు, కాబట్టి హారన్ సంగతి పోయింది. నేను నాలుగైదు సెకన్లు ఆగి ఉన్నానని అందరికీ చెప్తూ వచ్చాను, ఫారంలో కూడా అలాగే రాశాను. చూస్తే అంత లేదు. చాలా కంగారుగా ఉంది, అబద్ధం చెప్పినట్టు అయిందా?

పాత_సర్వేయర్

కంగారుపడకమ్మా. భయపడినప్పుడు కాలం సాగినట్టు ఉంటుంది, ప్రతి ఒక్కళ్ళూ ఎక్కువే చెప్తారు. అంచనాగా రాశానని, ఫుటేజీ చూశాక సరిదిద్దుకుంటున్నానని నువ్వే ముందుగా రాసి పంపు. వాళ్ళు పట్టుకునేదాకా ఆగకు. ఆ తర్వాత ఫ్రేములు లెక్కపెట్టించు. సెకనుకి ఎన్ని ఫ్రేములో అడుగు. నీ కారు పూర్తిగా నిలిచిన ఫ్రేము నుంచి తగిలిన ఫ్రేము దాకా ఎన్ని ఉన్నాయో చూడు.

వెన్నెల_దారి

లెక్కపెట్టారు. సెకనుకి 15 ఫ్రేములు. నేను నిలిచాక తగిలేదాకా 33.

పాత_సర్వేయర్

33ని 15తో భాగిస్తే 2.2 సెకన్లు. తక్కువనుకోకు. ఆయన మనిషి నడక వేగంతో, అంటే 5 కిలోమీటర్లతో వస్తున్నా ఆ 2.2 సెకన్లలో 3 మీటర్లు వచ్చారు. మూడు మీటర్ల పాటు ఆగి ఉన్న కారు వైపు వెనక్కి వచ్చారు. ఆ వేగంలో బ్రేక్ తొక్కితే కారు మీటరు లోపే నిలుస్తుంది. ఆయన కారు కదలడం మొదలైనప్పుడు నీది ఎక్కడ ఉంది?

వెన్నెల_దారి

దారిలో ఉంది, సగం కంటే ఎక్కువ బయటికి వచ్చేసింది. అది ఫుటేజీలో తెలుస్తోంది.

న్యాయపక్షం

ఇక మీ ఉత్తరంలో ఈ రెండే బలంగా రాయండి. ఆయన కదిలేటప్పటికే మీరు దారిలో కనిపించేలా ఉన్నారు, తగిలేముందు 2.2 సెకన్లు నిలిచి ఉన్నారు. హారన్ గురించి, ఆయన మొదట అన్న మాట గురించి చివర్లో ఒక్క లైను చాలు, వాటికి ఆధారం లేదు. సగం సగం అని మళ్ళీ అంటే కారణం రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో వచ్చే జవాబుని లెక్కలోకి తీసుకోకండి. కంపెనీ లోపలి ఫిర్యాదు విభాగం, ఆ తర్వాత అంబుడ్స్‌మన్, అంటే కంపెనీ మీద ఫిర్యాదులు విని తేల్చే బయటి అధికారి, ఉంటారు.

వెన్నెల_దారి

మూడు వారాలైంది, ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఉత్తరం పంపిన పది రోజులకి అవతలి కంపెనీ 80, 20 అంది. మా కంపెనీవాళ్ళు తీసుకోమన్నారు. 20 శాతం ఒప్పుకుంటే నా బోనస్ ఏమవుతుందని అడిగితే, తప్పు క్లెయిమ్‌గానే రాస్తామన్నారు. ఆ 20 దేనికి అని రాతలో అడిగాను. నేను చేయాల్సి ఉండి చేయనిది ఏమిటో చెప్పమన్నాను. వారం పాటు జవాబు లేదు. నిన్న పూర్తి బాధ్యత ఒప్పుకుంటూ లెటర్ వచ్చింది. ఎక్సెస్ కూడా తిరిగి వస్తుంది.

ఇంకోవైపు గారూ, మీ పోస్టు చదివి ఉండకపోతే ఆయన మీద కోపంతో ఉత్తరంలో ఏదేదో రాసేదాన్ని. రాయలేదు. మీకు ప్రత్యేకంగా థాంక్స్.

కొత్త_లైసెన్సు

అక్కా, ఆ ఉత్తరం ఇక్కడ పెట్టగలవా? పేర్లు, నంబర్లు తీసేసి.

వెన్నెల_దారి

తప్పకుండా తమ్ముడూ. న్యాయపక్షం గారు దిద్దాక ఇలా వచ్చింది:

"ఫలానా తేదీన ఫలానా సమయానికి నా కారు పార్కింగ్ స్థలం నుంచి వెనక్కి వచ్చి దారిలో ఉంది. అవతలి కారు కదలడం మొదలైనప్పుడు నా కారు సగానికి పైగా దారిలో కనిపిస్తోంది. ఆ కారుని చూసి నేను బ్రేక్ వేసి ఆగాను. ఫుటేజీ ప్రకారం నా కారు పూర్తిగా నిలిచాక 33 ఫ్రేములకి, అంటే 2.2 సెకన్లకి, అవతలి కారు వచ్చి తగిలింది. ఈ సమయంలో నా కారు కదలలేదు. ఇంతకుముందు ఫారంలో నాలుగైదు సెకన్లు అని అంచనాగా రాశాను, దాన్ని ఇలా సరిచేస్తున్నాను. నా బంపర్ ఎడమ మూల మీద గుర్తు ఒకేచోట లోపలికి ఉంది, సాగిన గీతలు లేవు, ఫోటోలు జతపరిచాను. కారు ఇంకా బాగు చేయించలేదు, ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. నాకు తప్పులో వాటా ఉందని మీరు భావిస్తే, నేను ఏ జాగ్రత్త తీసుకోలేదో స్పష్టంగా రాతపూర్వకంగా తెలపగలరు."

గేరుబాక్స్

కాపీ చేసుకున్నాను వెన్నెల గారూ. మా తమ్ముడికి నిన్ననే ఇలాంటిది జరిగింది, వాడిది ఆగి ఉన్న కారే అంటున్నాడు. కెమెరా గురించి మెయిల్ ఇప్పుడే పెట్టించాను.